201వ యూనిట్‌తోనే చిక్కు

అమీర్‌పేటలో అద్దెకుంటున్న ఓ గృహిణి అడుగుతున్నారు: భర్త జీతం ఇరవయ్యో తేదీకే అయిపోతోంది, ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలి?

ముందు కరెంటు మీటరు చూసుకోవాలి. తెల్ల రేషన్‌కార్డు ఉన్న కుటుంబానికి, అద్దె ఇల్లయినా సరే, 2024లో మొదలైన గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 పడితే మొత్తానికీ కట్టాల్సిందే. నెలకు 200 అంటే రోజుకు సుమారు ఆరున్నర యూనిట్లు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 30 యూనిట్లకు పైగా మిగులుతాయి. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోయినట్టే. వారానికోసారి రీడింగును క్యాలెండరు మీద రాసుకుంటే మూడో వారంలోనే జాగ్రత్తపడొచ్చు. ఇంత తేలికైన పొదుపు మరొకటి లేదు.

బియ్యం సంగతి సరేసరి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం.

కూరగాయలకు వారానికోసారి ఎర్రగడ్డ రైతుబజారు మేలు. అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషనే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ప్రయాణం ఉచితం కూడా. బజారులో ఏరోజు ధర ఆరోజు బోర్డు మీద రాస్తారు, అది చదివాకే సంచి తెరవాలి. ఆకుకూరలు మాత్రం వీధిలోనే కొనుక్కోవాలి, వారం నిలవవు.

ఇక పంజాగుట్ట షోరూముల్లో వడ్డీ లేని వాయిదాలంటారు. ప్రాసెసింగు ఫీజు ఎంతో సంతకానికి ముందే అడగాలి.