గ్రేఫ్రయర్స్ దేవాలయము నేర్పు పాఠము

స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో గ్రేఫ్రయర్స్ అను దేవాలయము కలదు. ఆ దేశపు మతకలహముల చరిత్రను మన మా స్థలమునుండియే నేర్చుకొనవచ్చును.

1637లో మొదటి చార్లెసు రాజు స్కాట్లండు సంఘముపై నూతన ప్రార్థనాగ్రంథమును బలవంతముగా మోపెను. దాని సహింపక 1638 ఫిబ్రవరి 28న ప్రభువులును, పిమ్మట బోధకులును పురజనులును తమ మతమును కాపాడుకొందుమని నిబంధనపత్రముపై చేవ్రాళ్లు చేసిరి. ఆ కార్య మీ దేవాలయముననే ఆరంభమయ్యెను. అందుచే వారికి నిబంధనికులని పేరు కలిగెను.

రెండవ చార్లెసు కాలమున బిషప్పుల యధికారము మరల వచ్చెను. దాని నంగీకరింపని బోధకులు పదవులు కోల్పోయి, కొండలలోను బయళ్లలోను ఆరాధనలు జరిపిరి. 1679 జూన్ 22న బోత్‌వెల్ వంతెన యుద్ధమున నిబంధనికు లోడిపోగా, పట్టువడినవారిలో అనేకులు గ్రేఫ్రయర్స్ ప్రక్కనే, ఆకాశమే కప్పుగా, నెలల తరబడి బందీలైయుండిరి.

1690లో ప్రెస్బిటేరియను సంఘము రాజ్యసంఘముగా స్థిరపడెను. ఏడేండ్లకే, 1697లో, థామస్ ఐకెన్‌హెడ్ అను ఇరువదియేండ్ల ప్రాయపు విద్యార్థిని దైవదూషణ నేరముపై ఎడింబరోలోనే ఉరితీసిరి.

మనస్సాక్షికై బాధపడిన వారిని మనము గౌరవింతుము. అయినను, తమకు కోరిన స్వేచ్ఛను పరులకిచ్చుట యెంత కష్టమో మరువరాదు. నానామతముల పిల్లలు ఒక్క బల్లపై కూర్చుండి చదువు మన పాఠశాలలో ఈ పాఠము నిత్యము జ్ఞాపకముంచుకొనదగినది.