పెదవి దాటిన మాట - యువతయు, గోప్యతయు

“పెదవి దాటితే పృథివి దాటును” అను సామెత మన యిండ్లలో పసివారికి సైతము తెలిసినదే. పూర్వము మాట పృథివిని దాటుటకు కొంత కాలము పట్టెడిది. వినినవాడు మఱచిపోవుటయు గలదు. నేడు సెల్‌ఫోను నుండి వెడలిన మాటకుగాని, ఛాయాచిత్రమునకుగాని ఆ రెండు ఊరటలును లేవు. అది క్షణములో పోవును; పిదప ఎవరి ఫోనునందో పదిలముగా నిలిచియుండును.

కావున యువతీయువకులకు గోప్యతను గూర్చి బోధించుట ప్రతి గృహస్థునకును కర్తవ్యమైనది. అయితే ఈ బోధ తఱచుగా “జాగ్రత్త, మోసపోదువు” అను హెచ్చరికతోనే ముగియుచున్నది. అది చాలదు. తన గుట్టు విప్పువాడు తనతోపాటు పరుల గుట్టును గూడ విప్పుచున్నాడు. ఈ సంగతిని పిల్లలును పెద్దలును గ్రహించుటయే ఈ పాఠమునకు ప్రయోజనము.

గోప్యత యననేమి?

గోప్యత వేఱు, దాపఱికము వేఱు. తప్పు చేసి కప్పిపుచ్చుట దాపఱికము. తనను గూర్చిన సంగతి ఎవరికి, ఎంతవఱకు తెలియవలెనో నిర్ణయించు అధికారమును తనయందే యుంచుకొనుట గోప్యత. వైద్యునికి చెప్పిన రోగమును పొరుగువానికి చెప్పనక్కఱలేదు. చెప్పనంతమాత్రమున రోగము నేరము కాజాలదు. వాడుకలోనున్న యొక నీతిశ్లోకము గుట్టుగా నుంచదగిన తొమ్మిదింటిని పేర్కొనుచున్నది. వయస్సు, ధనము, ఇంటిగుట్టు, ఔషధము, అవమానము వానిలోనివి. నేడు సెల్‌ఫోనులోని యాప్‌లు అడుగు పుట్టినతేదీ, బ్యాంకు ఖాతా, ఆరోగ్య వివరములు మొదలగునవి చాలవఱకు వీనిలోనివే గదా!

ఈ చింత కంప్యూటరుతో పుట్టినది కాదు. 1888లో అమెరికాలో కోడక్ కెమెరా వెలువడగా సామాన్యుడు సైతము పరుల బొమ్మ తీయగల్గెను. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను న్యాయవాదులు హార్వర్డ్ న్యాయపత్రికలో గోప్యతాహక్కును గూర్చి సుప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించిరి. క్షణములో తీయు ఛాయాచిత్రములును, ఇండ్ల సంగతులను వీథికెక్కించు పత్రికలును వారి యాందోళనకు కారణములు. మన దేశమున, కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గోప్యత ప్రాథమికహక్కనియు, రాజ్యాంగపు 21వ అధికరణమునందలి జీవించు హక్కులోను, వ్యక్తి స్వేచ్ఛలోను అది అంతర్భాగమనియు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా నిర్ణయించిరి.

ఒకరి అనుమతి, పలువురి నష్టము

2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అను సంస్థ వ్యవహారము బయటపడెను. కొన్ని యేండ్లకు పూర్వము ఫేస్‌బుక్‌లో, మనస్తత్త్వమును తెలిపెదమను యొక యాప్ వెలువడెను. వినోదముగా కొందఱు దానిని స్వీకరించి ప్రశ్నలకు బదులు చెప్పిరి. ఆ యాప్ వారి వివరములతో తృప్తిపడక వారి స్నేహితుల వివరములను గూడ గైకొనెను. అవి రాజకీయ ప్రచారమునకై ఆ సంస్థకు చేరెను. ఫేస్‌బుక్ తానే తెలిపిన లెక్క ప్రకారము మన దేశమున ఆ యాప్‌ను స్వీకరించినవారు 335 మంది మాత్రమే. కాని స్వీకరించినవారికి స్నేహితులైన కారణముచేతనే వివరములు పోయియుండగలవారు 5,62,120 మంది. ప్రపంచమంతట ఆ సంఖ్య 8 కోట్ల 70 లక్షల వఱకు ఉండవచ్చునని తేలెను. ఈ లక్షలాది జనులు ఏ తప్పును చేయలేదు. ఏ అనుమతియు నీయలేదు.

ఇంతకంటె సమీపమైన ఉదాహరణము అప్పు యాప్‌లది. క్షణములో ఋణమిచ్చెదమని ఆశచూపి, ఫోనునందలి పేర్లపట్టికను, ఛాయాచిత్రములను చూచుటకు ఇవి అనుమతి కోరెడివి. బాకీ ఆలస్యమైనచో ఆ పట్టికలోని బంధువులకు, స్నేహితులకు, తోటి యుద్యోగులకు ఫోనుచేసి దూషించుట, మార్చిన ఛాయాచిత్రములను పంపుట మొదలగు దారుణములు సాగెను. 2020 డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు ఇట్టివారిపై కేసులు నమోదుచేసి పలువురిని నిర్బంధించిరి. ఋణ యాప్‌లు పేర్లపట్టికను, కాల్ వివరములను, ఫోనునందలి చిత్రములను ముట్టరాదని రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించెను. అప్పు తీసికొనినవాడు ఒకడు, అవమానపడినవారు ఎందఱో! “అనుమతించుచున్నాను” అను మీటను నొక్కు బాలుడు తన మేనత్త సంఖ్యను, గురువుగారి సంఖ్యను, సహాధ్యాయిని సంఖ్యను పరుల కప్పగించుచున్నాడు. అవి అతని సొత్తు కావు. నమ్మి యొసగబడిన నిక్షేపములు.

పెద్దలు దిద్దుకొనవలసినవి

పిల్లలను మందలించుటకు ముందు పెద్దలు తమ నడవడిని పరీక్షించుకొనవలెను. వివాహసంబంధములకై అమ్మాయి ఛాయాచిత్రము, పుట్టినతేదీ, జన్మసమయము, జీతము, ఇంటిచిరునామా, ఫోనుసంఖ్య అన్నియు ఒకే పత్రమున వ్రాసి వాట్సాప్ బృందములలో పంపుట నేడు పరిపాటియైనది. వాట్సాప్‌లో సందేశము దారిలో చదువబడకుండ 2016 నుండి సంకేతబద్ధమైన రక్షణ గలదు. కాని అది చేరినవాడు దానిని దాచుకొనుటను, మఱియొకరికి పంపుటను ఏ రక్షణయు ఆపజాలదు. అమ్మాయికి వివాహమై యేండ్లు గడచినను ఆ పత్రము తిరుగుచునేయుండును. కావున ఆమె సమ్మతితో, సంక్షిప్త వివరములను మాత్రమే ముందు తెలుపవలెను. చిరునామా, ఛాయాచిత్రము సంబంధము నచ్చిన పిదప నేరుగా ఆ కుటుంబమునకే ఈయవలెను. వధూవరుల వివరములను సేకరించు సంఘములును, మఠములును పని తీరిన వెంటనే వానిని తొలగించు నియమమును పాటించుట మేలు. గుర్తింపునకై ఆధార్ నకలు కోరునెడ, అవకాశమున్నచోట, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించు ప్రతిని స్వీకరింపవచ్చును.

పిల్లల ఫోనును వారికి తెలియకుండ చదువుట మఱియొక లోపము. అందు మనబిడ్డ మాటలే కాక, నమ్మి వ్రాసిన పరులబిడ్డ మాటలును గలవు. పసివారికి పర్యవేక్షణము అవసరమే. కాని అది వారికి చెప్పి చేయునదై, వయస్సుతోపాటు సడలునదై యుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఒక బాలిక ఛాయాచిత్రమును ఎవడో దుర్వినియోగము చేసి బెదరించుచున్నాడనుకొందము. ఇంట చెప్పినచో ఫోను లాగికొందురు, చదువు మాన్పింతురు, తొందరపడి పెండ్లి చేయుదురు అని ఆమె భయపడును. బెదరించువాని బలమంతయు ఆ భయమునందే యున్నది. “తల్లీ, మా యొద్దకు వచ్చి చెప్పితివి, మంచిపని చేసితివి” అను మొదటిమాట ఆ బలమును హరించును. ఆ మాట ఆపద వచ్చిన దినమున పలికిన చాలదు. అట్లు పలుకుదురను నమ్మకము ముందే కలిగియుండవలెను.

చట్టమొసగు తోడ్పాటు

సమ్మతిలేక ఒకరి శరీరపు గుహ్యభాగముల చిత్రము తీయుట, ప్రచురించుట, పంపుట సమాచార సాంకేతిక చట్టము, 66-ఇ విభాగము ప్రకారము నేరము. 3 యేండ్ల వఱకు కారాగారము, లేదా 2 లక్షల రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 యేండ్లు నిండనివారిని పిల్లలుగా నెంచుచున్నది. వారి వివరములు వాడుకొనుటకు తల్లిదండ్రుల నిజనిర్ధారితమైన సమ్మతి కావలెననియు, వారి పోకడలను వెంబడించి ప్రకటనలు చూపరాదనియు విధించుచున్నది; ఉల్లంఘించిన సంస్థలకు 200 కోట్ల రూపాయల వఱకు దండన. దీని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన విధులకు 18 నెలల గడువీయబడినది. ధనము మోసపోయినచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు. సాక్ష్యముగా నున్న సందేశములను చెఱపివేయరాదు.

చట్టము నష్టము జరిగిన పిదప వచ్చును. శీలము ముందుగా కాపాడును. పరుల బొమ్మను పంపుటకు ముందు వారి నడుగుట, పరుల సంఖ్యను ఇచ్చుటకు ముందు వారి సమ్మతి గొనుట, అక్కఱలేని అనుమతిని నిరాకరించుట అను మూడింటిని బాల్యముననే అలవఱుపవలెను. పరుల గుట్టును తన గుట్టువలె కాపాడువాడే విశ్వసనీయుడు.

ఇంటిల్లిపాదియు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మీ ఫోనునందలి యాప్‌లలో ఎన్నిటికి పేర్లపట్టికను చూచు అనుమతి గలదు? అది వానికి నిజముగా అవసరమా?
2. ఈ మాసమున మీరు పంపిన పరుల ఛాయాచిత్రములలో ఎన్నిటికి వారి సమ్మతి గొంటిరి?
3. ఆపద కలిగినచో మీబిడ్డ మొదట మీ యొద్దకే వచ్చునా? రాదని తోచినచో, కారణమేమి?