కనిపించని గ్రహానికి కొండగుర్తు

పిల్లలూ! జూలై నెలలో వాన వెలిసిన రాత్రి, పది గంటలప్పుడు లాలాపేట్‌లో ఏ మేడమీదనో నిలబడి దక్షిణం వైపు చూడండి. మబ్బులు విడిస్తే మూల, పూర్వాషాఢ నక్షత్రాలు కనిపిస్తాయి. వాటి నడుమ దిక్కులోనే, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరాన మన పాలపుంత కేంద్రం ఉంది. తార్నాక దీపాల వెలుగులో పాలపుంత మాత్రం కనిపించదు. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు తమ 48 అంగుళాల దూరదర్శినిని ఊరికి దూరంగా, జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పారు.

అంత దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను చూడగలమా? లాలాపేట్ వీధిదీపం చుట్టూ తిరిగే దోమ మౌలాలి గుట్ట మీది నుంచి కనిపిస్తుందా? అయితే చూడకుండానే జాడ పట్టే ఉపాయం ఒకటుంది.

బరువైన వస్తువు పక్కనుంచి పోయే కాంతి దానివైపు కొద్దిగా వంగుతుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో తీసిన ఫోటోలు అది నిజమేనని చూపాయి. (అలాంటి గ్రహణమే 1980 ఫిబ్రవరి 16న రంగాపూర్‌లోనూ కనిపించింది. మీ తాతయ్యను అడగండి, ఆ రోజు తలుపులు మూసుకుని కూర్చున్నారేమో!)

ఇప్పుడు ఒక దూరపు నక్షత్రానికీ మనకూ మధ్య, సరిగ్గా ఒకే వరుసలోకి మరొక నక్షత్రం వచ్చిందనుకోండి. అడ్డం వచ్చింది కనుక వెనుకది మసకబారాలి కదా? కాదు, మరింత వెలుగుతుంది! ముందున్న నక్షత్రం తన అన్ని పక్కలా కాంతిని వంచి భూతద్దంలా మనవైపు చేరుస్తుంది. వెలుగు కొన్ని వారాలపాటు మెల్లగా పెరిగి, అంతే మెల్లగా తగ్గుతుంది. ముందున్న నక్షత్రానికి గ్రహం ఉంటే అదీ ఒక చిన్న భూతద్దమే. అప్పుడు నున్నగా ఎక్కిదిగే వెలుగు గీత మీద చిన్న బొడిపె లేస్తుంది. అది ఎప్పుడు లేచిందో, ఎంతసేపు ఉందో చూసి గ్రహం బరువు లెక్కకడతారు.

1936లో ఐన్‌స్టీనే ఈ లెక్క వేసి, దీన్ని చూడగలమన్న ఆశ లేదన్నాడు. పది లక్షల నక్షత్రాలను గమనిస్తే ఏ ఒకటో రెండో ఇలా వెలుగుతాయి మరి! కంప్యూటర్లు వచ్చాకే అది సాధ్యమైంది. ఈ విధంగా మొదటి గ్రహం 2003లో చిక్కింది.

అసలు చిక్కు వేరే ఉంది. చిన్న గ్రహం లేపే బొడిపె కొన్ని గంటలే ఉంటుంది. ఆలోగా తెల్లవారినా, మబ్బు పట్టినా అంతే సంగతులు. ఆ రెండు నక్షత్రాలు మళ్లీ అలా వరుసకు రావు. పైగా ఆ దిక్కు మనకు బాగా కనిపించేది సరిగ్గా వానాకాలంలోనే! కనుక భూగోళం చుట్టూ కాపలా కావాలి.

2005 జూలై 31న ఒక నక్షత్రం మూడింతలు వెలిగి, తగ్గసాగింది. ఆగస్టు 10న బొడిపె లేచింది. చిలీలో కొంత చూశారు. అక్కడ తెల్లవారాక న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల వారు అందుకున్నారు. సుమారు సగం రోజులో అంతా ముగిసింది. దొరికిన గ్రహం భూమికి దాదాపు 5.5 రెట్లు బరువు. అక్కడి చలి సున్నాకు 220 డిగ్రీలు దిగువన! ఆ కాపలాలో పాలుపంచుకున్న పెర్త్ నగరపు దూరదర్శిని అద్దం వెడల్పెంతో తెలుసా? 60 సెంటీమీటర్లు. మన రంగాపూర్ దూరదర్శినిలో సగం!