చెట్టుకు మనస్సున్నదా?

పఠనము: 148వ కీర్తన, ద్వితీయోపదేశకాండము 20:19, 20, యిర్మీయా 2:27, రోమా 8:19-22

మన సంఘములో క్రొత్తగా బాప్తిస్మము పొందిన యొక కుటుంబమువారి పెరటిలో పెద్ద వేపచెట్టు కలదు. పూర్వము వారు దానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి మ్రొక్కుచుండిరి. ఇప్పుడు విశ్వాసమునకు గుర్తుగా దానిని నరికివేయవలెనని సంఘపెద్దలు చెప్పగా, మేమును సరే యంటిమి. అయితే ఆ యింటి వృద్ధురాలు, "అయ్యగారూ, ఇక దానికి మొక్కను. కాని గొడ్డలి వేస్తే దానికి నొప్పి తెలియదా?" అని అడిగినప్పుడు మాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఈ ప్రశ్న ఆమె యొక్కతె అడిగినది కాదు. సమస్త వస్తువులలోను ఏదో యొక కొలత చొప్పున మనస్సు కలదని తలంచిన తత్వజ్ఞానులు పూర్వమునుండి ఉన్నారు. వారిలో జర్మనీ దేశస్థుడైన గుస్టావ్ ఫెక్నర్ (1801-1887) పల్లెటూరి పాదిరిగారి కుమారుడు. ఆయన లైప్‌సిగ్ పట్టణములో భౌతికశాస్త్ర ఆచార్యుడైయుండి, రంగుటద్దములగుండ సూర్యుని చూచి చేసిన పరీక్షలవలన కన్నులు చెడగొట్టుకొని, సుమారు మూడేండ్లు చీకటిగదిలో గడిపెను. 1843లో తిరిగి తోటలోనికి వచ్చినప్పుడు పువ్వులు తమంతట తామే వెలుగుచున్నట్లు ఆయనకు తోచెను. 1848లో మొక్కలకు మనస్సు కలదని ఒక గ్రంథమే వ్రాసెను. నరములు లేని మొక్కకు తెలివి యెక్కడిదని ఆక్షేపించువారికి ఆయన చెప్పినదేమనగా, తీగెలు లేనిదే ఫిడేలు మ్రోగదు, నిజమే, పిల్లనగ్రోవికి తీగెలున్నవా? ఇది చక్కని మాటయే. అయితే మనస్సుండుటకు వీలున్నదని చూపునుగాని, ఉన్నదని రుజువు చేయదు. మన దేశములో జగదీశచంద్ర బోసుగారు మొక్కలు తాకిడికిని మందులకును చలించుటను యంత్రములతో చూపిరి. చలించుట వేరు, బాధ తెలియుట వేరు.

మరి లేఖనము? కీర్తనకారుడు కొండలను, ఫలవృక్షములను స్తుతికి పిలుచుచున్నాడు. సృష్టి యంతయు ప్రసవవేదనవంటి వేదనలో నున్నదని పౌలు వ్రాయుచున్నాడు. చెట్టుకు తెలియునా తెలియదా అని వారు తేల్చలేదు. దేవునికి తెలియునని మాత్రము స్పష్టము.

ఫెక్నర్ 1851లో ఇంకను ముందుకు పోయి, భూమికిని నక్షత్రములకును మనుష్యులకంటె గొప్ప ఆత్మలున్నవనెను. అక్కడ మనము ఆయనను విడిచిపెట్టవలెను. మనస్సున్నదంతయు మ్రొక్కదగినది కాదు. మనకు మనస్సున్నదిగాని మనకు మ్రొక్కువారెవరు? అట్లే, మ్రొక్కదగనిదంతయు నరుకదగినదియు కాదు. మ్రానును తండ్రీ యని పిలిచినవారిని యిర్మీయా గద్దించెను. తప్పు పిలిచినవారిది, మ్రానుది కాదు. శత్రువుల పట్టణమును ముట్టడించునప్పుడైనను దాని ఫలవృక్షములపై గొడ్డలి ఎత్తకూడదని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది.

ఈ మాట మేము పెద్దలతో చెప్పగా, వేప తినే పండ్ల చెట్టు కాదుగదా యని యొకరు అడ్డువచ్చిరి. "పొద్దున్నే మీరు పళ్లు తోముకొనే పుల్ల యెక్కడిది బాబూ?" అని ముసలామె అడిగెను.

చెట్టును నరుకలేదు. దాని మీది పసుపును ఆమెయే కడిగివేసెను. పెద్దలలో ఇద్దరు ఇంకను ఒప్పుకొనలేదు. ఆ యింట ప్రార్థనకు వచ్చినప్పుడు, ఎంత యెండగా నున్నను, వారు చెట్టునీడకు రాక వసారాలోనే కూర్చుందురు.