సర్వర్ ఉద్యోగానికి రీస్టోరే పరీక్ష

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాలకు ప్రయత్నించే ఫ్రెషర్లు రెజ్యూమెలో ‘బ్యాకప్ తెలుసు’ అని రాస్తారు. ‘ఎప్పుడైనా రీస్టోర్ చేశారా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడబడతారు. ఆ అనుభవం కోసం ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చే టూల్స్ చాలు.

విండోస్ సర్వర్ 2008లో పాత ఎన్‌టీబ్యాకప్ స్థానంలోకి విండోస్ సర్వర్ బ్యాకప్ వచ్చింది. ఇది ముందే ఇన్‌స్టాల్ అయి ఉండదు, సర్వర్ మేనేజర్‌లో ఫీచర్‌గా చేర్చుకోవాలి. దీని కమాండ్ డబ్ల్యూబీఅడ్మిన్. సర్వర్ బూట్ కాని రోజున రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లో కూడా పనిచేస్తుంది కాబట్టి చేతికి బాగా అలవాటు చేసుకోండి.

బ్యాకప్‌ను ఎక్కడ పెడుతున్నారన్నది చాలా ముఖ్యం. విండోస్ సర్వర్ బ్యాకప్‌తో నెట్‌వర్క్ షేర్‌కి పంపితే కొత్త కాపీ పాతదాన్ని చెరిపేస్తుంది, మిగిలేది ఒక్క వెర్షనే. కొత్తది మధ్యలో ఆగిపోతే చేతిలో ఏదీ మిగలకపోవచ్చు. బ్యాకప్‌కే విడిగా ఒక డిస్క్ ఇస్తే వేర్వేరు తేదీల వెర్షన్లు నిలుస్తాయి. ఆ డిస్క్‌ను ఈ టూల్ మొదట ఫార్మాట్ చేసేస్తుంది కనుక ఖాళీదే ఇవ్వండి.

లినక్స్‌లో టార్, ఆర్‌సింక్, వాటిని వేళకు నడిపే క్రాన్ ఉన్నాయి. ఆర్‌సింక్‌కు డిలీట్ ఆప్షన్ పెడితే అసలు ఫోల్డర్లో పొరపాటున పోయిన ఫైలు కాపీలోనూ పోతుంది. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా టార్ చేయడం కూడా ప్రమాదమే. డేటాబేస్ డంప్ తీసి, దాన్ని దాచాలి.

డంప్ తీసినంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తొలగించారు. తీరా చూస్తే, రోజూ రావాల్సిన డంప్ వెర్షన్ల తేడా వల్ల విఫలమవుతూనే ఉంది, ఆ హెచ్చరిక మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. చివరికి దాదాపు 6 గంటల కిందటి స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ సంస్థ దాచకుండా ప్రచురించిన వివరణను ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ చదవాలి.

ఇక సాధన. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని, 180 రోజుల ట్రయల్ విండోస్ సర్వర్‌తో రెండు డొమైన్ కంట్రోలర్లు కట్టండి. సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసి, ఒక యూజర్ అకౌంట్‌ను డిలీట్ చేసి, ఆ మార్పు రెండో సర్వర్‌కూ చేరాక మొదటిదాన్ని డైరెక్టరీ సర్వీసెస్ రీస్టోర్ మోడ్‌లోకి తెచ్చి రీస్టోర్ చేయండి. మామూలుగా రీబూట్ చేశాక అకౌంట్ మళ్లీ మాయమవుతుంది, డిలీట్ అయిన సంగతి రెండో సర్వర్ గుర్తుచేస్తుంది గనుక. మళ్లీ అదే మోడ్‌లో రీస్టోర్ చేసి, ఈసారి రీబూట్‌కు ముందే ఎన్‌టీడీఎస్‌యుటిల్‌తో అథారిటేటివ్ రీస్టోర్ చేయండి, అకౌంట్ నిలుస్తుంది. పట్టిన సమయం, ఎదురైన ఎర్రర్లు, వాటిని సరిచేసిన తీరు ఒక పేజీలో రాసుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.