శబరి నీటి వెంట సముద్రం దాకా

తోంగ్‌పాల్‌లో గట్టి వాన పడితే ఎర్రటి నీరు వాగులోకి పరుగెడుతుంది. ఆ నీరు ఎక్కడికి పోతుందని అడిగితే, "శబరిలోకి" అని మీలో చాలామంది చెప్పేస్తారు. నిజమే. ఒడిశావాళ్ళు కొలాబ్ అని పిలిచే ఆ నది సుక్మా, కొంటా, చింతూరు దాటి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మరి ఆ తర్వాత? పాపికొండల మధ్యగా, ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా వెళ్ళి, పాయలుగా చీలి బంగాళాఖాతం చేరుతుంది.

ఈసారి సెలవుల్లో మనమూ ఆ నీటి వెంటే వెళ్దాం. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీదుగా కాకినాడ చేరి రాత్రి అక్కడ ఆగితే, మర్నాడు ఒక్క రోజులో మూడు చిన్న ఊళ్ళు చూసి రావచ్చు. గొట్టం కాజా మాత్రం సాయంత్రం కొనుక్కోండి. పొద్దున్నే కొంటే పాకంతో పుస్తకాలు అంటుకుపోతాయి.

ముందు ఉప్పాడ. జాందానీ చీరలకు పేరున్న ఊరు. 2009లో ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతగాడు పువ్వును మగ్గం మీదే పోగు పోగుగా నేస్తాడు కాబట్టి, చీరను తిరగేసినా పువ్వు అలాగే కనిపిస్తుంది. కానీ ఉప్పాడలో ఎక్కువసేపు నిలబెట్టేది సముద్రం. అది ఏటేటా ఊరిని కోసుకుపోతోంది. ఇళ్ళు పోయాయి, రోడ్డు ఎన్నోసార్లు తెగింది, రాళ్ళు వేసినా అలలు ఆగలేదు.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి కాకినాడ దాటి దక్షిణానికి వెళ్తే కోరంగి. ఇక్కడ మడ అడవులు ఉన్నాయి. 1978 నుంచి ఇది అభయారణ్యం. మన సాల చెట్ల వేళ్ళు నేలలోకి దిగుతాయి కదా, ఇక్కడి మడ చెట్లకు కొన్ని వేళ్ళు బురదలోంచి పైకి, పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడతాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు ఆ వేళ్ళతో ఊపిరి పీలుస్తుంది. ఉదయం ఎండిన కాలువ మధ్యాహ్నానికి నిండిపోతే ఆశ్చర్యపోకండి. అది ఆటుపోటు.

ఈ నిశ్శబ్దమైన ఊరు ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లోనూ, 1839లోనూ తుఫాను ఉప్పెనలు వచ్చి దాన్ని తుడిచిపెట్టాయి. తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అనే మాటను పుట్టించాడు. గ్రీకు భాషలో చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థం నుంచి తీసుకున్నాడు. ఈ తీరం నుంచి ఓడలెక్కి వేలమంది తెలుగువారు పని కోసం బర్మా వెళ్ళారు. వాళ్ళలో ఎవరి సొంతూరు ఏదైనా, బర్మావాళ్ళు అందరినీ 'కోరంగీలు' అనే పిలిచారు. "మీదే ఊరు?" అన్న ప్రశ్నకు తడుముకునే మనలాంటివాళ్ళకు ఇది తమాషాగానే ఉంటుంది.

మధ్యాహ్నం యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున, సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954 వరకు ఫ్రెంచివారి చేతిలో ఉండేది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం బాల్యవివాహాలను ఆపినప్పుడు, ఆ చట్టం ఇక్కడ చెల్లదని చుట్టుపక్కలవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి ఈ ఊరికే వచ్చేవారు. అలా దీనికి కల్యాణపురం అని పేరు పడింది. పేరు బాగుంది, జరిగిన పని కాదు. ఇంకో సంగతి: పుదుచ్చేరి ప్రాంతంలోనే ఉన్న కారైకాల్‌లో తమిళం, మాహేలో మలయాళం. ఇక్కడి ఉద్యోగి బదిలీ అయితే ఇంట్లో పిల్లలకు భాష మారిపోతుంది!

ఇప్పుడు మళ్ళీ మన ఎర్ర నీటి దగ్గరకు వద్దాం. నది తెచ్చిన ఒండ్రే ఈ డెల్టాను కట్టింది. కాకినాడ ఎదుట సముద్రంలో పొడవాటి ఇసుకదిబ్బలా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన మట్టే. అది అడ్డంగా నిలిచి కాకినాడను అలల నుంచి కాస్తుంది. దాని నీడ దాటి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ కాపు లేదు. పైగా నదుల మీద ఆనకట్టలు పెరిగేకొద్దీ ఒండ్రు జలాశయాల్లోనే ఆగిపోతోంది. మన శబరి మీదే కొరాపుట్ దగ్గర ఎగువ కొలాబ్ జలాశయం ఉంది. మనకు కరెంటు, పొలాలకు నీరు ఇచ్చేవి ఆ ఆనకట్టలే. తీరానికి మట్టి అందకుండా చేసేవీ అవే. రెండూ నిజం.

చేసి చూడండి: రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెండింటిలోనూ చెంచాడు బంకమట్టి కలపండి. ఒకదానిలో మాత్రం రెండు చెంచాల ఉప్పు వేసి బాగా తిప్పండి. గంట తర్వాత ఏ గ్లాసు ముందు తేరుకుందో రాసుకోండి. ఉప్పు తగిలితే సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. యానాం దిగువన నది సముద్రాన్ని కలిసే చోట జరుగుతున్నదీ ఇదే.