కరెంటు పెట్టించుకునే రోగికి బలం బిళ్లలు వేయవచ్చా?

నోటి క్యాన్సర్‌కు, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని మనవైపు కరెంటు పెట్టడం అంటారు. రెండు మూడు వారాలు గడిచేసరికి రోగి నీరసిస్తాడు. "సిస్టరమ్మా, విటమిన్ ఇ క్యాప్సూల్స్ ఏమైనా వేద్దామా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. వద్దనడానికి కారణం ఉంది.

మన శరీరంలో సగానికి పైగా నీరే. కిరణాలు ఆ నీటిని విడగొట్టి హైడ్రాక్సిల్ రాడికల్ అనేదాన్ని పుట్టిస్తాయి. అది రెప్పపాటు కూడా నిలవదు, ఆలోపే పక్కనున్నదాన్ని పాడుచేస్తుంది. క్యాన్సర్ కణంలోని డి.ఎన్.ఎ.ను తెంచేది చాలావరకు ఇదే.

నీటి నుంచి పుట్టే మిగతా హానికర పదార్థాలను అణచడానికి కణాల్లో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ అనే ఎంజైములున్నాయి. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ పొంగుతుంది చూడండి, అది కెటలేజ్ పనే. ఈ కాపలాదారులకూ దెబ్బ తగులుతుంది. పరీక్షనాళికలో వీటిని నీళ్లలో కలిపి కిరణాలు పెడితే పనిచేసే శక్తి తగ్గిపోతుంది. ద్రావణం పలుచనయ్యేకొద్దీ చెడిపోయే వంతు పెరుగుతుంది, ఎందుకంటే పుట్టే రాడికల్స్ అన్నే, దెబ్బతినే ఎంజైములు మాత్రం కొన్నే. రాడికల్స్‌ను పట్టుకునే మరో పదార్థం అందులో కలిపితే దెబ్బ అది తింటుంది, ఎంజైము నిలుస్తుంది.

బలం బిళ్లలు చేసేదీ ఇలాంటి పనే. కాని ఆ బిళ్లకు మంచి కణమేదో, క్యాన్సర్ కణమేదో తెలియదు. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 540 మందిపై చేసిన పరిశీలన 2005లో వెలువడింది. విటమిన్ ఇ, బీటా కెరోటిన్ వాడినవారిలో చికిత్స బాధలు కొంత తగ్గాయి, కాని అదేచోట క్యాన్సర్ తిరగబెట్టడం కొంత ఎక్కువగా కనిపించింది. ఆ బేరం మనకొద్దు.

తిండిలోని విటమిన్లకు భయపడనక్కరలేదు. మెత్తటి పప్పన్నం, గుడ్డు, పెరుగు, రాగిజావ పెట్టండి. హంగరీ శాస్త్రవేత్త సెంట్ జార్జి 1930లలో విటమిన్ సి ని రాశిగా తీసింది మిరపకాయల నుంచే! అయినా నోరు పూసిన రోగి కంచంలో గుంటూరు కారం పడకూడదు. చుట్ట, ఖైనీ, గుట్కా అసలే వద్దు.

ఈ చికిత్స సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. పత్తి తీతలనీ, మిరప కోతలనీ మధ్యలో ఊరికి తీసుకెళ్లకండి, రోజులు తప్పితే రోగం నయమయ్యే అవకాశం తగ్గుతుంది. ఇంట్లో ఉన్న బిళ్లలు, లేహ్యాలు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకొచ్చి రేడియేషన్ డాక్టరుగారికి చూపించండి. డాక్టరు రాసిన మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.